లైకులు పడ్డ వైరు తాడు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, విశాఖ రేవులో సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీలో మెయింటెనెన్స్ సీనియర్ మేనేజరుగా ఉన్న నాకు అదనపు బాధ్యత ఒకటి అప్పగించారు. కంపెనీ సొంతంగా ఒక సోషల్ యాప్ తెచ్చింది. కూలీ నుంచి డైరెక్టరు దాకా అందరూ అందులో ఫొటోలు పెట్టాలి, లైకులు కొట్టాలి. అలా చేస్తే పని పరుగులు తీస్తుందని మధురవాడ ఐటీ పార్కు నుంచి వచ్చిన కన్సల్టెంట్లు రెండు పూటలు చెప్పారు. భోజనం బాగుంది. మా విభాగం చేత యాప్ వాడించడం నా పని.

వాడించాను. నెల తిరగకుండా అందరికంటే ముందున్నాం. ఉదయం గులాబీలు, మధ్యాహ్నం పుట్టినరోజు కేకులు, సాయంత్రం జనరల్ మేనేజరు గారి సూక్తులు. ఆ సూక్తికి లైకు కొట్టనివాళ్ల పేర్లు నాకు ఫోనులో వచ్చేవి. ఉత్పాదకత అంటే ఏమిటో నాకు అంత లేటు వయసులో తెలిసింది.

అంతకుముందు మాది పాతకాలపు పద్ధతి. క్రేను తాళ్లను పరీక్షించే రిగ్గరు లోపం కనిపిస్తే డిఫెక్ట్ స్లిప్పు రాసేవాడు. షిఫ్ట్ ఇంజనీరు వేళ వేసి సంతకం చెయ్యాలి. ఆ తర్వాత క్రేను నడిస్తే జవాబు చెప్పాల్సింది అతనే. అందుకని ముందు క్రేను ఆపించి, తర్వాతే కలం తీసేవాడు. యాప్ వచ్చాక స్లిప్పు పుస్తకాలు బీరువాలోకి వెళ్లాయి.

మా రిగ్గరు పేరు సింహాచలం. పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఒక ఉదయం మూడో క్రేను వైరు తాడులో పోగులు తెగి ముళ్లలా లేచి ఉండటం చూశాడు. నేర్పించినట్టే ఫొటో తీసి, తాడు వెంటనే మార్చాలని రాసి యాప్‌లో పెట్టాడు. లైకులు కురిశాయి. షిఫ్ట్ ఇంజనీరు చప్పట్ల బొమ్మ పెట్టాడు. మంచి పరిశీలన, ఇదే స్ఫూర్తి కొనసాగాలని జనరల్ మేనేజరు గారు రాశారు. ఆయన రాశాక ఊరుకుంటే బాగుండదు కనుక నేనూ బొటనవేలు ఎత్తాను. ఎవరో చూసుకుంటున్నారని ప్రతివాడూ అనుకున్నాడు. క్రేను బొగ్గు ఎత్తుతూనే ఉంది.

మధ్యాహ్నం సింహాచలం నా గదికి వచ్చాడు.

"ఫొటో ఎట్టేను సార్. అందరూ బాగుందన్నారు. కిరేను మాత్రం ఎవులూ ఆపనేదు," అన్నాడు.

ఇప్పుడేం చేద్దామని అడిగాను. నా హోదాలో ఉన్నవాడు అడగాల్సిన ప్రశ్న కాదది.

"నాను ఆపీసేను సార్. మెయిన్ స్విచ్చికి తాళం ఏసీసేను. తాళంసెవి నా కాడే ఉంది. కింద మనుషులు పని సేత్తన్నారు."

అనుమతి లేకుండా క్రేను ఆపడం మా నిబంధనల్లో తప్పు. ఫొటోకు అందని వేగం షోకాజ్ నోటీసుకు అందింది. సింహాచలం పేరున గంటలో టైపై నా బల్ల మీదికి వచ్చింది. సంతకం నేను చెయ్యాలి. ముందు తాడు దింపించాను. లోపలి పాయలు కూడా తెగి, మిగిలిన రెండు పాయల మీదే అప్పటిదాకా బరువంతా నడిచింది.

నోటీసు పక్కన పెట్టి, బీరువాలోంచి పుస్తకం తెప్పించి, స్లిప్పు రాయించి దానిమీద సంతకం చేశాను. ఆలస్యానికి కారణం అన్న గడిలో, నాతో సహా అధికారులందరం యాప్‌లో మెచ్చుకుంటూ ఉండిపోయామని రాశాను. ఆ వాక్యం మార్చమని జనరల్ మేనేజరు గారు మర్యాదగానే అడిగారు. మార్చలేదు. నోటీసు రద్దయింది, నా అదనపు బాధ్యత కూడా. సింహాచలం ఫొటోకు మాత్రం ఆ నెల అత్యంత ఆదరణ పొందిన పోస్టుగా ప్రశంసాపత్రం ఇచ్చారు.

లోపం వందమందికి తెలిసినంత మాత్రాన ఎవరూ దాన్ని సరిచెయ్యరు. ఫలానావాడు, ఫలానా వేళకు చెయ్యాలని రాసి ఉంటేనే చేస్తారు. అలా రాయించడం అధికారి పని. ఆ రోజు నా పని రిగ్గరు చేశాడు.