చెప్పనివ్వని మూడు ఆదివారాలు

ఒక మనిషిని మూడు ఆదివారాల పాటు నోరు తెరవనివ్వకుండా చేసిన ఘనత నాది. చేతులు కట్టలేదు, నోట్లో గుడ్డలు కుక్కలేదు. కథ చెప్పాను, అంతే. నా కథ సాగినన్నాళ్లూ బయట ఒక పెద్దాయన ఉద్యోగం ఊడే దారిలో ఉంది. నేను ఆపినవాడు నోరు విప్పితే అది నిలిచేది. ఆ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల తప్పు తగ్గుతుందని ఎవరైనా రాసిస్తే ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంటాను.

అప్పట్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తాని. ఇంద్రేశంలో కిరాయి గది. చొక్కా తొడుక్కోవాలంటే ముందు కిటికీ తెరిచి ఒక మోచేతిని ఊళ్లోకి పంపాలి, అంత విశాలం. ఆదివారం అన్నాలయ్యాక అందులో ముగ్గురం కూర్చునేవాళ్లం. నేను, ఇనుప రేకులను అచ్చులో నొక్కే మా ప్రెస్ షాపులో మిషన్లు సిద్ధం చేసి ఆపరేటర్లకు అప్పగించే సెట్టరు, కోస్తా నుంచి ప్రభుత్వ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబంలోని ఒక మిత్రుడు.

ఆ మిత్రుడి అన్న బెంగళూరు నుంచి ఒక ఆట తెచ్చిపెట్టాడు. జిరాక్సు తీసిన పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఒకటి. బోర్డు లేదు, పావులు లేవు. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్లు అందులో మనుషులై ‘నేను ఇది చేస్తా’ అంటారు. అవుతుందో లేదో పాచిక తేలుస్తుంది.

కథ చెప్పేవాణ్ణి నేనే. గాయాలు నా ప్రత్యేకత. కత్తి తగిలితే ప్రాణంలోంచి ఆరు పాయింట్లు తీసెయ్యమని పుస్తకం ఒక్క ముక్కలో తేల్చేసేది. అంత పిసినారితనం నాకు పడేది కాదు. నా కథలో ముల్లు గుచ్చుకుంటే నెత్తురు ఏరై పారి అందులో రెండు పడవలు తిరిగేవి. వేలు తెగినవాడు పెట్టిన కేకకు కొండమీది గద్దలు గుడ్లు పొదగడం మానేసేవి. ఒక్కో గాయం మానడానికంటే నేను వర్ణించడానికే ఎక్కువ సేపు పట్టేది.

కోస్తా మిత్రుడికి గాయాల కంటే మనసు మీద మోజు. “ఒక్కటే కోరుకునేవాడు మనిషి కాదురా బాబూ, బొమ్మ. రెండువైపులా లాగాలి” అని ప్రతి పాత్ర కాగితం మీదా ఒక గడి గీయించాడు. కొత్త పాత్ర మొదలుపెట్టిన రోజు సెట్టరు ఆ గడిలో ఇలా రాశాడు: ‘చెప్పాలె. చెప్పొద్దు.’

అతని పాత్ర కోట కాపలావాడు. పైనుంచి దిగే ఇనుప తలుపు అతని చేతిలో ఉంటుంది. కింద మనిషి ఉంటే తలుపును ఆపే గొళ్లెం ఒకటుంది. బండ్లు త్వరగా పోవాలని కాపలావాడు దాన్ని తాడుతో కట్టేశాడు. ఒక ముసలి సిపాయి చెయ్యి తలుపు కింద పడింది. తప్పు సిపాయిదేనని కొలువులో విచారణ. కాపలావాడు పోయి రాజుకు నిజం చెప్పాలి. ఇదంతా సెట్టరే అల్లుకుని వచ్చాడు.

దానికి వారం ముందే మా ప్రెస్ షాపులో ఒక ముసలి ఆపరేటరుకు మూడు వేళ్లు పోయాయి. బొంతపల్లి వైపు ఊరు ఆయనది, అందరం కాక అనేవాళ్లం. ఆ మిషనుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు కిందికి దిగుతుంది, కాబట్టి చేతులు లోపల ఉండే వీలు లేదు. కాక ఒక బటన్‌ను మోచేత్తో నొక్కాడని ఆరోపణ. ఎంక్వయిరీ నడుస్తోంది. వెయ్యి రకాల బోల్టులను వాసన చూసి చెప్పగల నా బుర్ర ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మొదటి ఆదివారం “రాజు కాడికి పోతున్న” అన్నాడు సెట్టరు. అంత తొందరగా చెప్పేస్తే కథలో పస ఏముంటుంది? నదికి వరద తెప్పించాను. రెండో ఆదివారం ఈదుకుంటూ పోయాడు. రాజుకు జ్వరం తెప్పించి, మాట వినపడకుండా పన్నెండు దుప్పట్లు కప్పించాను. మూడో ఆదివారం పోనీ మంత్రికి చెబుతానన్నాడు. మంత్రిని పులికి వేశాను.

“జెర చెప్పనియ్యరాదే అన్నా” అన్నాడు.

“ఆగుర తమ్మీ, మాగనీ. ఇప్పుడే కోస్తే పుల్లగుంటది.”

కోస్తా మిత్రుడు పడీపడీ నవ్వాడు. 

నాలుగో ఆదివారం సిపాయి చెయ్యి పడిన ఘట్టాన్ని ఎత్తుకున్నాను. నెత్తురు కోటగోడ ఎక్కింది. కేకకు ఏడూళ్ల కుక్కలు ఊళ్లు ఖాళీ చేశాయి.

“గట్ల కాదన్నా” అన్నాడు సెట్టరు.

“మరెట్లరా?”

“నెత్తురు ఎంటనే రాదు. ముందుగాల తెల్లగుంటది. ఆయన అరవడు. చెయ్యి దిక్కు సూస్తడు. మిషను దిక్కు సూస్తడు. ఇగ నా దిక్కు సూస్తడు.”

“కోటలో మిషనేంట్రా” అన్నాడు కోస్తా మిత్రుడు నవ్వుతూ. ఆ నవ్వును ఎక్కడ ఆపాలో అతనికి చాలాసేపు తెలియలేదు.

ఒక బటన్ నొక్కే ఉండేలా సైకిల్ ట్యూబు ముక్క బిగించింది తనేనని సెట్టరు చెప్పాడు. ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, పని త్వరగా సాగుతుంది. షాపులో సెట్టర్లందరూ చేసేదే. 

“కాకను ఎత్తుకపోతుంటే ట్యూబు కోసి జేబుల ఏసుకున్న.”

“కాకకు ఎరుకేనా?”

“ఎరుకే. ఎవ్వరికి చెప్పలే.”

“ఎంక్వయిరీ ఎప్పుడు?”

“అయిపోయింది. నిన్ననే కాకను తీసేసిన్రు. ఈడ ఒక్కపారి చెప్పి సూసుకుంటే, ఆడ చెప్పొస్తదనుకున్న. నువ్వు వరద తెస్తివి, పులిని తెస్తివి.”

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఈపాటికి దాన్ని ఉబ్బించి ఏ హాస్యకథో చేసుకుని బతికేవాణ్ణి.

“ఇగ అడ్డం రాకు. రాజు కాడికి పోతున్న.”

రాజును నేనే. పాచిక వెయ్యమనలేదు. కాపలావాడు చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో రాజా అనడం మాని సారు అన్నాడు, తలుపు అనడం మాని మిషను అన్నాడు. అయ్యాక “ఇంకోపారి చెప్త” అన్నాడు. రెండోసారి మొదటి నుంచే సారు, మిషను అన్నాడు.

సోమవారం అదే మాట ఆఫీసులో చెప్పి, రాసిచ్చి, సంతకం పెట్టాడు. అతన్ని ఆ రోజే సస్పెండు చేసి, తర్వాత తీసేశారు. కాకను మళ్లీ తీసుకోవడానికి నెలలు పట్టాయి. ఆ చెయ్యి ప్రెస్సు పనికి రాదు కనుక స్టోర్సులో నా కింద హెల్పరుగా వేశారు.

ఆ ప్రమాదాన్ని నేను చూడలేదు. అయినా ఏ గాయం గురించి నోరు విప్పబోయినా అదే వస్తుంది: ముందు తెల్లగా, తర్వాత ఆ మూడు చూపులు. దోమను ఏనుగు చేయగలిగిన నేను దాన్ని వెంట్రుకవాసి కూడా పెంచలేకపోయాను.

ఒకరోజు వాషర్లు ఏరుతూ కాక అడిగాడు.

“సారూ, ఆ పిలగాడు మంచోడే. చెప్పనే చెప్పిండు. మరి నెల దినాలు ఎందుకాగినట్టు? దవాఖాన్ల పండుకొని, ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అనుకుంట ఉంటి. నీకేమన్న ఎరుకనా?”

“నాకేం ఎరుక కాకా” అన్నాను.

ఆయన తల ఊపాడు. ఎన్ని వాషర్లు కావాలని రెండోసారి అడిగాడు. మొదటిసారి ఎప్పుడడిగాడో నేను వినలేదు.