బానెట్లో బంతి మొక్కలు

నిన్న మా తాతతో వెళ్తుంటే, భోగాపురం దగ్గర ఓ హోటలు ముందు ఆయన పాత జీపుని చూశాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

సాలూరు నేస్తాలూ, గుర్తుందా? యుద్ధకాలం నాటి ఆ మిలటరీ జీపులోనే మనం కొండమీద సంతకి వెళ్లేవాళ్లం. లోపల పెట్రోలు వాసన, పచ్చి అల్లం వాసన, కాళ్ల కింద కోళ్లు. ఘాటీ రోడ్డులో ఎత్తు రాగానే తాత ఆపేసేవాడు. పిల్లలు కూర్చోవచ్చు, పెద్దవాళ్లు మాత్రం దిగి తొయ్యాల్సిందే.

"దిగండర్రా! ముసిల్ది ఎక్కలేకపోతన్నాది."

"ఎక్కినప్పుడు సెప్పలేదేటి మావా?"

"సెప్తే ఎక్కుదురేటి?"

తిట్టుకుంటూ, నవ్వుకుంటూ తోసేవారు.

చూపు తగ్గాక తాత దాన్ని ఆ హోటలాయనకి ఇచ్చాడు. రోజూ నడుపుతానని ఆయన మాటిచ్చాడు మరి. నిన్న చూస్తే ఏముంది? బానెట్ మూత పీకేసి, ఇంజను తీసేసి, మట్టి నింపి బంతి మొక్కలు నాటారు!

"ఇదేటి బాబూ, ఇంజనేది?" అన్నాడు తాత.

"ఫొటోలో ఇంజను కనపడదు కదా తాతా," అని నవ్వాడు హోటలాయన.

అంతలో సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్లు "తాతా, కాస్త పక్కకి జరుగు, అడ్డొస్తన్నావ్" అన్నారు. తాత జరగబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను.

"ఈ జీపు నడిపింది ఈయన. ఫొటో తీసుకుంటే ఈయనతో కలిపి తీసుకోండి!"

తాత స్టీరింగు పట్టుకున్నాడు. అలవాటుగా ఎడమకాలు క్లచ్ కోసం వెతికింది. అక్కడ పెడల్ కూడా లేదు.