ఎగిరే హీరో శాపం

నిన్న నరసరావుపేటలో ఒక బట్టల కొట్టు ముందు పిల్లల హీరో డ్రెస్సు వేలాడుతోంది. దాని వెనకున్న ఎర్రటి నైలాన్ గుడ్డ గాలికి ఎగురుతుంటే చూడలేక రోడ్డు అవతలికి దాటేశాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. టీవీలో ఎగిరే హీరో సినిమా వచ్చిందంటే, మర్నాడు వీధిలో ప్రతి పిల్లాడి మెడకూ ఒక తువ్వాలు ఉండేది. మాచర్లలో మా తమ్ముడు శీనుకైతే అమ్మ తన పాత నైలాన్ చీర చించి కట్టింది. అది చూసి పక్కింటి కోటమ్మత్త బుగ్గలు నొక్కుకుంది.

"ఏమే, పిల్లోడికి ఆ వేషం కట్టమాక. ఆ సినిమాల్లో ఏసినోళ్లకి శాపం ఉందంట. ఒకడు మంచాన పడ్డాడంట, ఇంకోడు చానా చిన్న వయసులోనే పోయాడంట."

అమ్మ నవ్వేసింది. నేను మాత్రం ఆ మాటకు భయపడి రోజంతా వాడి వెనకే తిరిగాను.

సాయంత్రం వాడు పెరట్లో పేర్చిన నాపరాళ్ల మీదికెక్కి దూకాడు. గుడ్డ రాయి అంచుకు చిక్కుకుంది. వాడి కాళ్లు నేలకు అందలేదు, గొంతు పెగల్లేదు. నేను వాడి నడుము పట్టుకుని పైకెత్తి అరిచాను. అమ్మ కొడవలితో పరుగెత్తుకొచ్చి గుడ్డ కోసింది. వాడు దగ్గి దగ్గి, అప్పుడు ఏడ్చాడు.

"నే చెప్పలా, శాపమని!" అంది కోటమ్మత్త.

అమ్మ వాడి మెడ మీది వాతను తడుముతూ, "శాపం కాదు వదినా. ఊడిపోద్దేమోనని ముడి నేనే బిగించా" అంది.

ఆ తర్వాత చాన్నాళ్లు నా జడకు రిబ్బను కట్టినా అమ్మ ముడి బిగించేది కాదు.