సోలాపూర్ రోడ్డుమీద లైట్ పోయింది

మా భివండిలో చప్పుడైతే ఎవరికీ మెలకువ రాదు, చప్పుడు ఆగితే వస్తుంది. మా ఇంటి గోడకు అవతలే సాంచాలు, అంటే మరమగ్గాలు. ఆ టకటకలోనే వండుకుంటాం, పోట్లాడుకుంటాం, కునుకు తీస్తాం. కరెంటు పోయి అవి ఆగాయంటే చాలు, మా కనేరి పేట మొత్తం మంచాలమీద లేచి కూర్చుని "లైట్ పోయిందా?" అంటుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా కారు చచ్చింది ఈ అలవాటు వల్లే. మా ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆరోజు నేనూ, మా ఆయనా, మా అత్తమ్మా తెల్లవారుతూనే సోలాపూర్ బయలుదేరాం. మా ఆయన చెల్లెలిని ఇచ్చింది అక్కడే. ఆమె కొత్తిల్లు కట్టుకుంది, సాయంత్రం పొద్దుగూకేలోపు గృహప్రవేశం. పుట్టింటివాళ్ళు వచ్చి ఒడిబియ్యం పోస్తేనే గడప దాటుతానని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతూ వచ్చింది. మా మామయ్య పోయాక ఆమెకు పుట్టిల్లంటే అన్నే. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పట్టుచీర అన్నీ మూటగట్టి అత్తమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డిక్కీలో పెడదామంటే నామీద ఇంతెత్తున లేచింది.

"నా బిడ్డ ఒడిల పోసేటియి డిక్కీల ఎట్ల పెడ్తవే?"

ఆ ఆడబిడ్డ సంగతి ఇంకొంచెం చెప్పాలి. సాంచాల మధ్య పెరిగినవాళ్ళం మామూలుగా మాట్లాడినా పక్క గల్లీకి వినిపిస్తుంది. ఆమె అత్తవారిది బట్టల దుకాణం. గిరాకీతో మాట్లాడినట్టే ఇంట్లో కూడా నెమ్మదిగా మాట్లాడుకుంటారు. ఆమె మామగారు చాలా మంచివాడు, కానీ పెళ్ళయిన నాటినుంచీ ఆమె నోరు తెరిస్తే చాలు, "మెల్లగ అమ్మా, మెల్లగ" అంటాడు. అందుకే భివండి వచ్చినప్పుడల్లా ఆటో దిగకముందే "వదినా!" అని ఒక్క కేక పెట్టి, "అమ్మయ్య, గొంతు సాపైంది" అనేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నాకు మాత్రం ఆ తర్వాత మనసులో ఎక్కడో కలుక్కుమనేది.

ఇక కారు. ఎవరో వాడి వదిలేసిన కారును మా ఆయన ముచ్చటపడి కొన్నాడు. బయలుదేరేముందు ఎవరికైనా చూపించమన్నాను. "గిన్ని సాంచాలు నడిపిచ్చెటోనికి గీ ఒక్క ఇంజిన్ ఒక లెక్కనా?" అన్నాడు. ఆ ధీమా చూసి నేనూ నోరు మూసుకున్నాను.

పుణే దాటి సోలాపూర్ రోడ్డెక్కిన కాసేపటికి ముందునుంచి సన్నగా చప్పుడు మొదలైంది. టక్, టక్, టక్. కాసేపటికి అది టకటకగా మారింది. వేరే ఊరివాళ్ళయితే కారు ఆపి గుండెలు బాదుకునేవారు. మాకేమో ప్రాణం హాయిగా అనిపించింది. అంతదాకా కాళ్ళకు ఇరుకుగా ఉంది, నడుము నొస్తోంది అని సణిగిన అత్తమ్మ మూట మీద చేతులు పెట్టుకుని గురక తీసింది. మా ఆయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఏదో కూనిరాగం తీశాడు. నాకూ కళ్ళు మూతలు పడ్డాయి. పడుతుండగా ఎదుటి అద్దం కింద ఎర్రగా ఒక బొమ్మ వెలగడం చూశాను.

"ఇగో, గదేంది? దీపం లెక్క వెలుగుతాంది."

"దీపమే కదా, మంచి శకునం. పండుకో" అన్నాడు.

పడుకున్నాను. ఎంతసేపు పడుకున్నానో తెలియదు గానీ, ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఎక్కడా చప్పుడు లేదు. వెనక సీట్లో అత్తమ్మ చటుక్కున లేచి కూర్చుంది.

"లైట్ పోయిందా?"

"పోయిందే అమ్మా" అన్నాడు మా ఆయన. పొగలు కక్కుతున్న కారును పక్కకు పోనిచ్చి ఆపి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఇందాపూర్ దాటిన చోటు అది. రెండువైపులా చెరకు తోటలు, కాస్త ముందు ఒక చెరకురసం బండి. ఆ బండివాడే ఫోన్ చేసి దగ్గర్లోని మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలినుంచి ఒక పుల్ల లాగి చూసి, మా మొహాలు చూశాడు. నూనె చుక్క లేదట, ఎక్కడో కారిపోయిందట.

"ఆవాజ్ నహీఁ ఆయా క్యా?" అని, చప్పుడేమీ రాలేదా అని అడిగాడు.

"ఆయా నా. బహుత్ అచ్ఛా ఆవాజ్ థా" అన్నాడు మా ఆయన, చాలా మంచి చప్పుడే వచ్చిందని, అమాయకంగా.

మెకానిక్ పుల్ల కింద పెట్టాడు. ఏ ఊరని అడిగాడు. భివండి అని చెప్పగానే బానెట్ మీద చెయ్యి వేసి ఒకటే నవ్వు. "లూమ్‌వాలే! తబ్ తో బరోబర్ హై!" అన్నాడు, మగ్గాలవాళ్ళయితే సరిగ్గానే ఉందని. తర్వాత నవ్వాపుకుని అసలు మాట చెప్పాడు. "ఇంజిన్ బైఠ్ గయా."

"కూసుంటే లేపుండ్రి మరి" అంది అత్తమ్మ.

లేచేది కాదు. కారు అక్కడే వదిలెయ్యాలి, దాని సంగతి తర్వాత. కానీ పొద్దు అప్పటికే నడినెత్తి దాటింది, సోలాపూర్ ఇంకా చాలా దూరం. మా ఆయన చెల్లెలికి ఫోన్ చేశాడు. ఫోన్ ఆమె మామగారు తీశాడు. ఎప్పటిలాగే వినీ వినపడని గొంతుతో, "పరేషాన్ గాకుండ్రి. మీరు నిమ్మళంగ రండి, మేం టైముకు కానిచ్చుకుంటం. ఒడిబియ్యం రేపు పోయొచ్చు" అన్నాడు. వెనకనుంచి ఆడబిడ్డ గొంతు ఖంగున వినిపించింది. "నేను పోను! మా అన్న రాంది నేను గడప తొక్క!" ఆమె వెంటే ఎవరో, "మెల్లగ, మెల్లగ."

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాయన ఉంటే నిన్ననే పోయెటోడు. నేనేమో గీ డబ్బా ఏసుకొని షోకులు వడ్డ" అన్నాడు. ఎగతాళి చేద్దామనుకున్నదాన్ని మానేశాను. చెరకురసం గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాను.

తాగి లేచి, రోడ్డుమీద కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. వచ్చే ప్రతి బండి నంబరు చూస్తున్నాడు. భివండి బండ్లకు ఎమ్‌హెచ్ జీరో ఫోర్ ఉంటుంది. ఆ నంబరు కనబడితే చాలు, రెండు చేతులూ ఊపి, "ఓ భివండీ!" అని సాంచాల మీదుగా పిలిచినట్టు అరుస్తున్నాడు. కార్లవాళ్ళు అద్దాలు ఎక్కించుకుని పోయారు. లారీలు ఆగలేదు. ఇంతలో అత్తమ్మ ఎక్కడుందా అని చూస్తే, చెరకు మిషన్ పక్కన బెంచీమీద కూర్చుని, దాని చక్రానికి కట్టిన గజ్జెల మోతకు మళ్ళీ కునుకుతోంది. ఒళ్ళో మూట మాత్రం వదల్లేదు.

చివరికి నూలు బస్తాల టెంపో ఒకటి కీచుమంటూ ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "కౌన్ చిల్లాయా? అప్నా ఆద్మీ లగ్తా హై" అన్నాడు, అరిచింది మనవాడిలా ఉన్నాడని. మా భివండిలోనే నాగావ్ వాడట. గొంతు విని ఆపాడట. నూలు దించేది సోలాపూర్‌లోనే అన్నాడు. అత్తమ్మా నేనూ అతని పక్కన ఇరుక్కున్నాం, మా ఆయన వెనక బస్తాలమీదికి ఎక్కాడు. ఆ టెంపో చేసే చప్పుడు మా కారును మించింది. ఈసారి మాత్రం నేను నిద్రపోలేదు, అద్దంలో పొద్దు ఎంత కిందికి దిగిందో చూస్తూ కూర్చున్నాను.

కొత్త ఇంటి గల్లీలోకి తిరిగేసరికి ఎండ మేడల అంచులకు చేరింది. ఇంటి ముందు జనం. పంతులు చేతి గడియారం చూసుకుంటున్నాడు. గడప ఇవతల మా ఆడబిడ్డ, చంకన బిందెతో, కదలకుండా నిలబడి ఉంది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టెంపో ఇంకా ఆగకముందే బస్తాలమీదినుంచి మా ఆయన లేచి నిలబడి, ఒంటినిండా నూలు పీచుతో, గల్లీ అదిరేలా అరిచాడు.

"చెల్లే!"

"అన్నా!" అందామె. బిందెలో నీళ్ళు సగం ఒలికాయి. "గింతసేపా? ఏమైందే?"

"లైట్ పోయిందే!"

అంత ఏడుపులోనూ ఆమె పకపకా నవ్వింది. అక్కడ ఆ మాట అర్థమైంది మాకు మాత్రమే. సరిగ్గా అప్పుడు జనంలోంచి ఎన్నడూ వినని కేక ఒకటి వినిపించింది. "వచ్చిండ్రు! మా కోడలమ్మ పుట్టింటోళ్ళు వచ్చిండ్రు! ఏయ్, బ్యాండు కొట్టుండ్రా!" చూస్తే, ఆమె మామగారు. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. మా ఆడబిడ్డ నోరు తెరిచి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

అత్తమ్మ మూట విప్పింది. మేం ముగ్గురం దోసిళ్ళతో బియ్యం పోశాం. నా కళ్ళు నిండాయి. నిండు ఒడితో ఆమె కుడికాలు లోపల పెట్టింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. మొహమాటపడి గుమ్మం బయటే నిలబడిపోయిన అన్నను చూసింది. భివండిలో ఆటో దిగేటప్పటి గొంతుతో, "లోపల్కి రా అన్నా!" అని పిలిచింది.

ఆ ఇంట్లో పలికిన మొదటి మాట అది. మెల్లగ అని ఎవరూ అనలేదు.