కురమోచి గారి చూపుడువేలు

కురమోచి గారు ఏ పని చేయబోయినా ముందు దాన్ని వేలెత్తి చూపిస్తారు, తర్వాత వీధి చివరికి వినపడేలా చెబుతారు, ఆ తర్వాతే చేస్తారు. ట్రాము డ్రైవర్లమంతా డ్యూటీలో అలాగే చేసేవాళ్లం. సిగ్నల్ వైపు వేలు చూపి "పచ్చ, సరే" అనకుండా బండి కదిలిస్తే మా డిపోలో మహాపరాధం. మేమంతా టోపీతో పాటు ఆ అలవాటునీ డిపోలో వదిలి ఇంటికి పోయేవాళ్లం. ఆయన ఇంటికి తీసుకెళ్లారు.

సూప్ ముందు పెడితే, "ఆవిరి ఉంది. వేడి, సరే." ఊరి స్నానశాలలో ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి వేలు చాపి, "తొట్టిలో నలుగురు. ఎడమ మూల ఖాళీ." ఆ నలుగురూ సిగ్గుతో గడ్డం దాకా మునిగేవారు. ఆయన భార్య ఫుకి గారు ఓసారి నాతో అన్నారు: "పెళ్లిచూపుల్లో నన్నూ ఇలాగే వేలెత్తి చూపించారు, మిజోబే గారూ. 'అమ్మాయి, సరే' అన్నారు. మా నాన్న ఇంకేమీ అడగలేదు."

ట్రాములు ఆగిపోయి పన్నెండేళ్లయినా, ఆయన రోజూ ఉదయం ఎనిమిదింటికి తెల్ల చేతితొడుగులతో ఉనోసాకి ట్రాము స్టేషన్‌లో హాజరు. బండి లేదు, పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి. "మెట్లు రెండు. కుడివైపు సైకిలు. నేల తడి." పెద్దాయనకి కాస్త మతి తప్పిందని పేట అంతా నిశ్చయించుకుంది.

ఈ వసంతంలో ఆ స్టేషన్‌ని పార్కు చేసే పని మొదలైంది. మూడోరోజే మేస్త్రీ త్సుకుడా, పేట సంఘం కార్యదర్శినైన నా దగ్గరకొచ్చి పడ్డాడు.

"మీ పెద్దాయన 'ఆగు' అంటే మా క్రేను ఆగిపోతోంది. 'సరే' అంటే మట్టి దించేస్తోంది. అక్కడ మేస్త్రీ ఎవరో నాకే తెలియట్లేదండీ. మళ్లీ గొంతు వినబడిందా, గేటు దాటనివ్వను."

డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఆ స్టేషన్ తప్ప వేరే లోకం లేదు. బియ్యపు బిస్కెట్లు పట్టుకుని వెళ్లి మెల్లగా చెప్పాను.

"నోరెత్తకూడదని కాగితం ఇచ్చారా?" అన్నారు.

"ఇదిగో, గురువుగారూ."

దాన్ని వేలెత్తి చూపారు. "నిబంధన. సరే."

ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్క నిబంధన తప్పని మనిషి. మర్నాడు పెదవులు బిగించి నిలబడ్డారు. వేలు మాత్రం గాలిలో తిరుగుతూనే ఉంది. కూలీలు ముసిముసిగా నవ్వుకున్నారు.

అప్పుడు సావె గారు వచ్చారు. ఆమెకి చూపు లేదు. అవతలి వీధిలో మర్దన చేసే గది ఉంది, రోజూ స్టేషన్ మీదుగానే వెళతారు. ఆ ఉదయమే నీళ్ల గొట్టం కోసం దారి మధ్యలో గొయ్యి తీశారు, ఇంకా అడ్డు పెట్టలేదు. ఆమె మెట్ల దగ్గర ఆగి, చెవి పక్కకి వంచి, కాసేపు ఆలకించారు. ఏమీ వినబడకపోయేసరికి కర్ర ముందుకు చాచి అడుగు వేశారు.

కురమోచి గారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆగండి. ముందు గొయ్యి. ఎడమకి మూడడుగులు. చెక్క ఉంది. దారి, సరే."

ఆమె అలాగే నడిచి వెళ్లిపోయారు. ఆయన చేతితొడుగులు విప్పి, మడిచి, త్సుకుడా ముందు నిలబడ్డారు. "నిబంధన ఉల్లంఘన, ఒకటి. సరే." గేటు వైపు నడిచారు.

త్సుకుడా వెనకాలే పరిగెత్తి, తన హెల్మెట్ తీసి ఆయన నెత్తిన పెట్టాడు. "రేపట్నుంచి ఏడున్నరకే రండి బాబూ. ఎక్కడ తవ్వినా ముందు మీకే చూపిస్తాను."

"ఇన్నేళ్లూ ఆవిడ కోసమేనా? చెప్పొచ్చుగా," అన్నాను దారిలో.

"చెబితే రోజూ నాకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి, పాపం. పిచ్చాడి అరుపులకైతే ఎవరూ చెప్పక్కర్లేదు. నువ్వూ నోరు మూసుకో."

పార్కు అయిపోయింది. దారి అద్దంలా ఉంది, పట్టాల మధ్య పూలు వేశారు. ఆయన అరుపు మాత్రం ఆగలేదు. మొన్న నాకు మెడ పట్టేసి సావె గారి దగ్గరికి వెళితే, మెడ నొక్కుతూ ఆమే అన్నారు:

"ఆయన నా కోసమే అరుస్తారని నాకెప్పుడో తెలుసు. ఇప్పుడైతే కర్ర ఒక్కటీ చాలు. మా ఇంటి నుంచి దగ్గర దారి కూడా వేరే ఉంది. అయినా రోజూ అటే వెళతాను. మీరు మాత్రం ఆయనకి చెప్పకండి, మొహమాటపడి గొంతు తగ్గించేస్తారు."

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పనని ఇద్దరికీ మాట ఇచ్చాను, అందుకే మీకు చెబుతున్నాను.