లొట్టి లేని చెట్టు

ఎడారి దేశంలోని జెబెల్ అలీ రేవులో అంజాగౌడ్ నడక చూస్తే చాలు, తాటిచెట్లెక్కిన కాళ్లని తెలిసిపోతుంది. ఏ దేశం రేవైనా, మనిషి కాళ్లలో పాత పని దాగదు. యాభై దాటినా గోదాముల దగ్గర దీపస్తంభాలెక్కి బల్బులు మారుస్తాడు. ఎక్కేముందు స్తంభానికి దండం పెడతాడు.

ఆ పొద్దున కొత్త ముదీర్, అంటే మేనేజరు, అతన్ని చూసి, "బుడ్ఢా హోగయా, ఘర్ భేజో" అని, ముసలాణ్ని ఇంటికి పంపెయ్యమన్నాడు.

అంజాగౌడ్ స్తంభానికి దండం పెట్టి, బెల్టును చెట్టెక్కే మోకులా చుట్టి, చూస్తుండగానే పైకి చేరాడు. బల్బు బిగించాక చెయ్యి అలవాటుగా చెట్టుకు కట్టే కల్లు లొట్టికోసం తడిమింది.

కింద అతని ఊరివాడు రాకేశ్ పగలబడి నవ్వాడు. "మామా, గీడ కల్లు యాడిదే!"

సంగతి విని ముదీర్ కూడా నవ్వాడు. "ఖలాస్, సబ్ ఖంబే ఇసీకే!" అంటూ స్తంభాలన్నీ ఇక అతనికే అప్పగించాడు.

పైనుంచి అంజాగౌడ్ కేకేశాడు: "లొట్టి కట్టి దిగుత తియ్యి అల్లుడా, రేపు తాగుదువు!"