మనాసేకి చుట్టిన నారగుడ్డ

అందుకే అంటున్నా, మా టోంగా ఊళ్ళలో బాదుడు చప్పుడు వింటే చాలు, ఏ ఇంట్లో ఏం జరుగుతోందో మీరే చెప్పేస్తారు. ఆడవాళ్ళు దుంగ ముందు వరసగా కూచుని, గుడ్డగా సాగేందుకు మల్బరీ బెరడు నారని కర్రలతో బాదుతుంటే అందరి దెబ్బా ఒకే దరువులో పడాలి. ఆ వారం అకనేసి దెబ్బ మాత్రం దరువులో పడలేదు.

అకనేసి నోరు విప్పే మనిషి కాదు. మొగుడు మనాసే ఒకసారి పన్ను రాలగొట్టాడు, ఇంకోసారి తెడ్డుతో చెయ్యి విరగ్గొట్టాడు. ఎవరడిగినా కాలు జారి పడ్డాననేది. పట్నం నుంచి ఆడవాళ్ళని ఆదుకునే కేంద్రం ఆవిడ వచ్చి, కాగితాలూ రంగులూ ఇచ్చి, మనసులో ఉన్నది బొమ్మగా వెయ్యమంది. అకనేసి ఎర్రరంగు ముట్టుకోకుండా ముచ్చటైన చేపనొకదాన్ని వేసి ఇచ్చేసింది.

తర్వాత మనాసే తాగి రాళ్ళగట్టు మీంచి పడి చచ్చాడు. ఆక్లండ్ నుంచి వాడి తమ్ముడొచ్చేదాకా శవాన్ని ఆసుపత్రి ఐసుగదిలో ఉంచారు. నారగుడ్డ చుట్టకుండా మనిషిని పూడ్చడం మాకు తలవంపులు. ఇంట్లో దాచిన గుడ్డలన్నీ వాడే ఎప్పుడో అమ్ముకు తాగేశాడు. అంచేత వాడి కోసం అకనేసే కొత్తది బాదాల్సి వచ్చింది.

విరిగి వంకరగా అతుక్కున్న ఆ చేత్తోనే బాదింది. బాదే కర్రకి గాట్లున్న పక్కతో నార సాగాక, నున్న పక్కకి తిప్పుకుని నెమ్మదిగా కొట్టాలి. ఆమె తిప్పలేదు. పళ్ళు బిగించి, ఒక్కోచోటే కొట్టి కొట్టి, నార చీలి దుంగ పెచ్చులు లేచేదాకా కొట్టింది.

"ఒసే, వాడు చచ్చే ఉన్నాడే. ఇంకెన్నిసార్లు చంపుతావు?" అంది పక్కన కూచున్న లుపే, అకనేసి చిన్ననాటి నేస్తం.

అందరూ నవ్వారు. అరచెయ్యి చిట్లి నెత్తురు నారకి అంటుతోందని చూశాక ఆ నవ్వులు ఆగిపోయాయి.

శవం వచ్చేరోజు పొద్దున్నే మనాసే అక్క కలోలీనా వచ్చింది. చావింట్లో పోయినవాడి అక్క మాటే శాసనం. ఆవిడ వద్దంటే ఆ గుడ్డ వద్దు, ఆ పెళ్ళానికి ఊళ్ళో మొహం చెల్లదు. గుడ్డ ఎత్తి పట్టుకుంటే కన్నాల్లోంచి ఎండ ఆవిడ మొహం మీద మచ్చలు మచ్చలుగా పడింది.

"నా తమ్ముడికి జల్లెడ కప్పుతావుటే?"

అకనేసి లేచి ఒక కన్నంలో వేలు పెట్టింది.

"ఇది పన్ను ఊడినప్పటిది వదినా. ఇది చెయ్యి. ఇదేమో కడుపులో బిడ్డ పోయినప్పటిది." పెద్ద కన్నం దగ్గర ఆగింది. "ఆ రోజు నువ్వు వాకిట్లోనే ఉన్నావు. రేడియో సౌండు పెంచుకున్నావు."

చెంప పేలుతుందనుకున్నారంతా. కలోలీనా గుడ్డ దించలేదు. మొహం దాని వెనకే ఉంచుకుంది. ఆ గుడ్డ వెనకనించే, కన్నాలకి అతుకులెయ్యాలి, జిగురు కాయడానికి దుంపలు తవ్వుకురమ్మని మెల్లగా చెప్పింది.

అకనేసి గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి అటునుంచి అరుపులు వినిపించాయి. ఒక్కో పోటుకీ మొగుణ్ణి పేరెట్టి తిడుతోంది. ఆమె నోట్లోంచి అన్ని బూతులు రావడం ఊరు ఎప్పుడూ వినలేదు.

ఇంతలో శవం లారీ వచ్చింది. లుపే పెరటివైపు పరిగెత్తబోతే కలోలీనా చెయ్యి పట్టి ఆపింది.

"దాన్ని పిలవకు. ఇలాగే చుట్టండి. వాడు పెట్టిన కన్నాలు వాడే కట్టుకుపోతాడు."

అలాగే చుట్టి పూడ్చారు. పెరట్లో నేలంతా గోతులు పడ్డాయి గానీ, ఒక్క దుంపా పైకి రాలేదు. గునపం ఇప్పటికీ అక్కడే దిగబడి ఉంది.